యుద్ధానికి రానన్న రైతు
మొదటి ప్రపంచ యుద్ధంలో పల్లె మనుషులు – 6వ భాగం

1917 జూన్ 5. అమెరికాలో 21 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న మగవాళ్లంతా ఆ రోజు సైన్యం చిట్టాలో పేరు రాయించుకోవాలని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. ఒక్క రోజులో కోటి మంది దాకా రాయించుకున్నారు. టెనెసీ రాష్ట్రంలో, కెంటకీ సరిహద్దుకు దగ్గరగా, పాల్ మాల్ అనే కొండ ఊరుంది. అక్కడ ఆ చిట్టా రాసేది రోజియర్ పైల్. ఊరి దుకాణదారు ఆయనే, పోస్టుమాస్టరూ ఆయనే, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పే పాస్టరూ ఆయనే. ఆయన ముందుకు ఆరడుగుల ఎర్రజుట్టు రైతు ఒకడు వచ్చాడు. పేరు ఆల్విన్ యార్క్, వయసు 29. మినహాయింపు ఏమైనా కోరుతున్నావా అన్న ప్రశ్నకు అతని జవాబు చాలా చిన్నది. అవును, నాకు పోరాడాలని లేదు.

పదహారు నెలలు తిరిగేసరికి ఆ మనిషి ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవిలోంచి 132 మంది జర్మన్ సైనికులను ఖైదు చేసి నడిపించుకొచ్చాడు. ఆ ఒక్క ఉదయం మీద పుస్తకాలొచ్చాయి, సినిమా వచ్చింది, వాదోపవాదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ యార్క్ 76 ఏళ్లు బతికాడు. అతను ప్రాణం పెట్టి చేసిన పని, అతన్ని నిజంగా కుంగదీసిన అప్పు, రెండూ ఆ ఉదయానికి బయటే ఉన్నాయి. వాటి సంగతి చెప్పకుండా అతని వీరగాథ చెబితే సగం మనిషినే చూపించినట్టవుతుంది.

పాల్ మాల్ ఉన్నది కంబర్లాండ్ కొండల మధ్య, ఊల్ఫ్ నది లోయలో. బండ్ల బాట తప్ప సరైన రోడ్డు లేని చోటు. 1887 డిసెంబరు 13న అక్కడ రెండు గదుల దుంగల ఇంట్లో యార్క్ పుట్టాడు. పదకొండు మంది సంతానంలో మూడోవాడు. తండ్రి విలియం కొద్దిపాటి సేద్యం చేసుకుంటూ, కొలిమి కూడా పెట్టుకుని గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. మొక్కజొన్న, పందులు, కోళ్లు, చాలకపోతే అడవి. పిల్లలకు చేతులొచ్చిన దగ్గర్నుంచీ పొలంలో పనే. పొలం పనులు కాస్త సద్దుమణిగిన రోజుల్లో మాత్రం బడి నడిచేది. చిన్నతనం మొత్తం మీద యార్క్ బడిలో కూర్చున్నది, అన్నీ కలుపుకుంటే, తొమ్మిది నెలలు. ఈ తొమ్మిది నెలల లెక్కను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత అతను ఏళ్ల తరబడి చేసిన పనికి మూలం ఇదే.

అతను పెద్ద బడిగా చదువుకున్నది తుపాకినే. ఆ కొండల్లో వేట సరదా కాదు, ఆ పూట కూర. మందూ సీసమూ డబ్బు పెట్టి కొనాలి. గొట్టంలోకి మందు దట్టించి, గుండు దింపి, ఒక్కసారి పేల్చాక మళ్లీ మొదట్నుంచీ ఆ తతంగమంతా చేయాల్సిన తుపాకులు వాళ్లవి. గురి తప్పితే కూరా పోతుంది, మందూ పోతుంది. అందుకే గురి మీద అక్కడ పెద్ద పందేలు నడిచేవి. పోటీకి వచ్చినవాళ్లు తలా కొంత వేసుకుని ఓ ఎద్దును కొనేవాళ్లు. దాన్ని అయిదు వాటాలు చేసేవాళ్లు. మొదటి రెండు బహుమతులు వెనక తొడల భాగాలు, తర్వాతి రెండు ముందు భాగాలు, అయిదోది తోలూ కొవ్వూ. నిప్పులో నల్లగా కాల్చిన చెక్క మీద కత్తితో గీసిన గుర్తే గురి. అయిదు వాటాలూ ఒకడే గెలిస్తే ఎద్దును కోయక్కర్లేదు, ప్రాణంతోనే ఇంటికి తోలుకెళ్లవచ్చు. ఇంకో పందెంలో టర్కీ కోడిని దుంగ వెనక కట్టేసేవాళ్లు. అది తల పైకెత్తిన క్షణంలో, ఆ తలకే తగిలేలా కొట్టాలి. ఈ పందేల్లో యార్క్‌కు చుట్టుపక్కల ఊళ్లలో పేరుండేది.

1911లో తండ్రి పోయాడు. పెద్దన్నలిద్దరూ అప్పటికే పెళ్లిళ్లయి వేరుపడ్డారు. తల్లీ, చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇతని మీద పడ్డారు. సొంత పొలం ఎలాగూ చాలదు. రోజుకూలికి వెళ్లాడు, కలప కొట్టాడు, రోడ్డు పనికి వెళ్లాడు. వారమంతా ఇలా గడిచాక శనివారం సాయంత్రం సారాయి, పేకాట, కొట్లాట. రెండు రాష్ట్రాల సరిహద్దు గీతకు అటూ ఇటూ పాకలు వేసి సారాయి అమ్మేవాళ్లకు గిరాకీ ఇలాంటి కుర్రాళ్లే. తల్లి మేరీ కన్నీళ్లు పెట్టుకునేది. గ్రేసీ విలియమ్స్ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు కానీ, ఆమె ఇంట్లోవాళ్లకు ఈ తాగుబోతు అల్లుడు గిట్టలేదు. 1914 చివర్లో ఆ లోయలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. 1915 కొత్త సంవత్సరం నాటికి యార్క్ సారాయి మానేశాడు, పేక మానేశాడు, చేయెత్తడం మానేశాడు. మళ్లీ వాటి జోలికి పోలేదు.

అతను చేరిన సంఘం పేరు చర్చ్ ఆఫ్ క్రైస్ట్ ఇన్ క్రిస్టియన్ యూనియన్. మనిషిని చంపడం పాపం అన్న మాటకు అక్కడ మినహాయింపుల్లేవు. యార్క్ అందులో పెద్దల్లో ఒకడయ్యాడు, పిల్లలకు ఆదివారం బడి చెప్పేవాడు, పాటలు పాడించేవాడు. అందుకే సైన్యం పిలుపు వచ్చినప్పుడు మినహాయింపు కోసం అర్జీ పెట్టాడు. పాస్టరు పైల్ కూడా వత్తాసు పలికాడు. పైవాళ్లు కొట్టేశారు. ఈ సంఘానికి బైబిలు తప్ప వేరే రాసిపెట్టుకున్న నియమావళి లేదు, బైబిలును ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు, కాబట్టి మినహాయింపు చెల్లదన్నది వాళ్ల వాదన. చట్టంలో మినహాయింపు ఉన్నది యుద్ధాన్ని నిషేధిస్తూ స్పష్టమైన నియమం పెట్టుకున్న, పేరున్న సంఘాలకే. కొండల్లో దుకాణదారు నడిపే చర్చికి ఆ కాగితాలెక్కడివి? నవంబరులో యార్క్ జార్జియాలోని క్యాంప్ గోర్డన్‌లో దిగాడు.

అతన్ని వేసింది 82వ డివిజన్‌లో, 328వ పదాతి దళం జీ కంపెనీలో. 48 రాష్ట్రాల మనుషులూ ఉన్న డివిజన్ అది. ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు, గ్రీకులు, యూదులు, నగరాల్లో పెరిగిన వలసదారుల పిల్లలు ఎందరో అందులో ఉన్నారు. వాళ్లలో చాలామంది తుపాకిని దగ్గరగా చూసిందే అక్కడ. యార్క్ మొదటి రోజు నుంచే గురి తప్పకుండా కొడుతున్నాడు, మనుషుల్ని మాత్రం కాల్చనంటున్నాడు. కంపెనీ కెప్టెన్ ఎడ్వర్డ్ డాన్‌ఫర్త్ అతన్ని మేజర్ ఎడ్వర్డ్ బక్స్‌టన్ దగ్గరకు తీసుకెళ్లాడు.

ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. బక్స్‌టన్ తలచుకుంటే యార్క్‌ను గార్డు గదిలో పెట్టించగలడు. ఎన్నో క్యాంపుల్లో యుద్ధం వద్దన్నవాళ్లను కొట్టారు, జైళ్లలో వేశారు. బక్స్‌టన్ తానూ భక్తుడే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. హోదాలు పక్కనపెట్టి ముగ్గురూ రాత్రి పొద్దుపోయేదాకా బైబిలు తెరుచుకుని మాట్లాడుకున్నారు. కత్తి లేనివాడు తన బట్ట అమ్మి కత్తి కొనుక్కోవాలన్న లూకా సువార్త మాట మేజర్ ఎత్తాడు. కత్తి దింపమని ప్రభువు పేతురుకు చెప్పిన మాట యార్క్ ఎత్తాడు. శత్రువు వస్తుంటే బూర ఊదని కావలివాడి మీద ప్రజల రక్తం ఉంటుందన్న యెహెజ్కేలు అధ్యాయం వాళ్లు చదివి వినిపించారు. చివరికి బక్స్‌టన్, ఇంటికెళ్లి తేల్చుకుని రమ్మని 1918 మార్చిలో పది రోజుల సెలవిచ్చాడు. యార్క్ ఊరెళ్లాడు. ఒంటరిగా కొండెక్కి ఒక పగలూ రాత్రీ గడిచి మర్నాటి దాకా ప్రార్థనలో ఉండిపోయాడు. దిగి వచ్చి తల్లికి చెప్పాడు, వెళ్తున్నానని. దేవుడు తనను క్షేమంగా తిరిగి తెస్తాడని నమ్మాడు.

ఇది యార్క్ ఒక్కడి కథ కాదు. ఆ యుద్ధంలో సుమారు 65 వేల మంది మనస్సాక్షి పేరుతో మినహాయింపు కోరారు. వాళ్లలో 20 వేలకు పైగా క్యాంపుల దాకా వచ్చారు. అక్కడికొచ్చాక కూడా పట్టు విడవనివాళ్లు 4 వేల లోపే. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు క్యాంపులోనే మెత్తబడ్డారు. కొందరిని బెదిరింపు, కొందరిని ఒంటరితనం, కొందరిని తోటివాళ్ల చూపులు లొంగదీసి ఉంటాయి. యార్క్‌ను మార్చింది మర్యాద. చదువులేని కొండమనిషి మాటకు ఒక మేజరు విలువిచ్చి, అతని గ్రంథం నుంచే అతనికి జవాబు చెప్పాడు. అది కల్మషం లేని పనే. సైన్యానికి బాగా కలిసొచ్చిన పని కూడా.

ఇక ఆ ఉదయం. 1918 అక్టోబరు 8. అంతకు పన్నెండు రోజుల ముందే మ్యూజ్–ఆర్గాన్ దాడి మొదలైంది. 47 రోజులు సాగిన ఆ పోరులో 26 వేలకు పైగా అమెరికన్లు చనిపోయారు. వాళ్ల చరిత్రలో అంతమందిని బలిగొన్న పోరు మరొకటి లేదు. షాటెల్ షెహెరీ ఊరి పక్కనున్న 223వ నంబరు గుట్ట మీంచి తెల్లవారుజామున యార్క్ బెటాలియన్ లోయలోకి దిగింది. జర్మన్లకు సరుకులు తెచ్చే చిన్న రైలు పట్టాలను పట్టుకోవాలన్నది లక్ష్యం. లోయకు మూడు వైపులా గుట్టలు, వాటి మీద మెషిన్‌గన్లు. ముందు వరస మనుషులు కోత కోసినట్టు పడిపోయారు.

ఎడమ గుట్ట మీద తుపాకుల నోరు మూయించమని సార్జెంట్ బెర్నార్డ్ అర్లీ నాయకత్వంలో 17 మందిని పంపారు. అప్పటికి కార్పొరల్ అయిన యార్క్ వాళ్లలో ఒకడు. పొదల మాటున చుట్టు తిరిగి వాళ్లు జర్మన్ల వెనక్కి చేరారు. వాగు దాటేసరికి ఎదురుగా ఒక గుడిసె దగ్గర జర్మన్లు పొద్దుటి తిండి తింటున్నారు. చాలామంది దగ్గర ఆయుధాలు కూడా లేవు. అమెరికన్ల పెద్ద దళమే వచ్చిపడిందనుకుని చేతులెత్తేశారు. ఖైదీలను వరసలో నిలబెడుతుండగా పైనున్న మెషిన్‌గన్లు ఇటు తిరిగాయి. క్షణాల్లో ఆరుగురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో యార్క్‌కు సైన్యంలో అందరికన్నా ఆప్తుడైన కార్పొరల్ మరీ సావేజ్ ఉన్నాడు. అర్లీ ఒళ్లు తూట్లు పడింది. మిగిలింది ఎనిమిది మంది, వాళ్లకు పెద్ద యార్క్.

గుట్ట వాలు మీద యార్క్, పైన పాతిక ముప్పై గజాల దూరంలో తుపాకులు, మధ్యలో నేలకు కరుచుకుపోయిన ఖైదీలు. సొంత మనుషులకు తగలకూడదంటే పైనున్న జర్మను తల పైకెత్తి గురి చూసుకోవాల్సిందే. దుంగ వెనక టర్కీ కోడి తల ఎత్తే క్షణం కోసం చిన్నప్పట్నుంచీ కాచుకున్నవాడికి ఇంకేం కావాలి? తల లేచినప్పుడల్లా యార్క్ ఒకే గుండు పేల్చాడు. ఆరుగురు జర్మన్లు బాయొనెట్లు బిగించి వరసగా కిందికి ఉరికారు. యార్క్ రైఫిలు వదిలి పిస్టలు తీశాడు. అందరికన్నా వెనకున్నవాణ్ని ముందు కొట్టాడు, తర్వాత వాడి ముందున్నవాణ్ని, అలా చివరికి మొదటివాణ్ని. ముందువాడు పడితే వెనకవాళ్లు ఆగిపోయి కాల్పులు మొదలుపెడతారు. వెనకవాడు పడితే ముందున్నవాళ్లకు తెలియదు. అడవి టర్కీలు వరసలో నడిచేటప్పుడు వేటగాళ్లు చేసే పనే అది. కాలుస్తున్నంతసేపూ, లొంగిపొమ్మని అరుస్తూనే ఉన్నాడు. ఇంకా చంపాల్సి రావడం తనకు ఇష్టం లేదని తర్వాత చెప్పుకున్నాడు.

చివరికి జర్మన్ అధికారి లెఫ్టినెంట్ పాల్ వోల్మర్ ఇంగ్లీషులో పిలిచి, కాల్పులు ఆపితే తనవాళ్లందరినీ లొంగిపొమ్మంటానన్నాడు. యార్క్ అతని వీపుకు పిస్టలు ఆనించి ముందు నడిపించాడు. దారిలో ఎదురైన మెషిన్‌గన్ స్థావరాలను కూడా వోల్మర్ చేతే లొంగదీయించాడు. గాయపడిన తోటివాళ్లను ఖైదీల చేతే మోయించాడు. వెనక్కి చేరాక లెక్క పెడితే 132 మంది. బ్రిగేడియర్ జనరల్ జూలియన్ లిండ్సే అతన్ని చూసి, "యార్క్, జర్మన్ సైన్యం మొత్తాన్నీ పట్టుకొచ్చావటగా" అన్నాడు. "లేదండీ, 132 మందినే" అన్నాడు యార్క్. మర్నాడు అదే చోటికి తిరిగి వెళ్లాడు, ఎవరైనా కొనఊపిరితో ఉన్నారేమో చూడ్డానికి. ఎవరూ లేరు. తనవాళ్ల కోసమూ జర్మన్ల కోసమూ కలిపి అక్కడే ప్రార్థన చేసుకున్నాడు.

మిగిలిన ఏడుగురి మాటేమిటి? పత్రికలకు ఒక్క వీరుడు చాలు, వాళ్లు అడుగున పడిపోయారు. పది మంది పని ఒకడి ఖాతాలో పడిందని వాళ్లలో కొందరు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. ఖైదీలను కాపలా కాసినవాళ్లు లేకపోతే యార్క్ వెనక్కి చూడకుండా కాల్చగలిగేవాడు కాదు. అర్లీకి పతకం వచ్చేసరికి 1929 అయింది. విలియం కటింగ్ పేరుతో సైన్యంలో చేరిన ఓటిస్ మెరితూకు 1965 దాకా ఏ గుర్తింపూ రాలేదు. కాల్పులు సరిగ్గా ఏ వాలు మీద జరిగాయో తేల్చడానికి ఈ శతాబ్దంలో రెండు పరిశోధక బృందాలు అడవి తవ్వి, రెండు వేరువేరు చోట్లు చూపించాయి.

1919 మే 22న న్యూయార్క్ రేవులో దిగేసరికి యార్క్ అమెరికాలో అందరి నోళ్లలో నానుతున్నాడు. ఏప్రిల్‌లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక అతని కథ వేసింది. మెడల్ ఆఫ్ ఆనర్, ఫ్రాన్స్ మార్షల్ ఫోష్ చేతుల మీదుగా క్రోయ్ ద గేర్. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో బస. సినిమావాళ్లు, నాటక కంపెనీలవాళ్లు డబ్బు మూటలతో చుట్టుముట్టారు. దేశం ఇచ్చిన యూనిఫాం అమ్ముకునేది కాదని అందరినీ తిప్పి పంపేశాడు. వారం తిరిగేసరికి ఊళ్లో ఉన్నాడు. జూన్ 7న గ్రేసీతో పెళ్లి. జరిపించింది సాక్షాత్తూ రాష్ట్ర గవర్నరు.

అభిమానం అప్పుగా మారింది ఆ తర్వాతే. నాష్‌విల్ రోటరీ క్లబ్బు చందాలు పోగుచేసి, వీరుడికి సుమారు 400 ఎకరాల కమతం కానుకగా ఇస్తామని ప్రకటించింది. చందాలు మొదటి వాయిదాలతోనే ఆగిపోయాయి. మిగతా సొమ్ముకు భూమి తాకట్టులో ఉంది. ఇల్లు పూర్తి కాలేదు. పశువులు, పనిముట్లు, విత్తనాలు అన్నీ యార్క్ అప్పు తెచ్చి కొనుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే, 1920 చివర్లో, యుద్ధకాలపు గిరాకీ చల్లారి అమెరికా అంతటా పంటల ధరలు కుప్పకూలాయి. అమ్మితే కూలి రాని పంట, ఆగని వడ్డీ. 132 మందిని ఖైదు చేసినవాడు 1921లో పత్రికల ముందుకొచ్చి, నా పొలం పోయేలా ఉందని చెప్పుకోవాల్సి వచ్చింది. దేశం నలుమూలల నుంచీ చందాలొచ్చి ఆ గండం గడిచింది. దానం పుచ్చుకోవడమంటే ప్రాణం చచ్చిపోయే మనిషికి ఆ ఏడాది ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

ఫ్రాన్స్ వెళ్లి రావడం వల్ల అతనికి తెలిసొచ్చింది ఒకటే. లోకంలో రోడ్లున్నాయి, బళ్లున్నాయి, తన కొండల్లో లేవు. ఉపన్యాసాలు ఇమ్మని పిలిస్తే వెళ్లాడు. జనం ఆర్గాన్ కథ వినాలని వచ్చేవాళ్లు, ఇతను తన ఊరున్న ఫెంట్రెస్ కౌంటీ పిల్లల గురించి మాట్లాడేవాడు. వచ్చిన డబ్బంతా బడికే. 1926లో అదే కౌంటీలోని జేమ్స్‌టౌన్‌లో వ్యవసాయ విద్య కూడా నేర్పే ఉన్నత పాఠశాలకు పునాది పడింది. ఊరి పెద్దలతో, కౌంటీ బోర్డుతో స్థలం దగ్గర్నుంచీ తగాదాలే. తొమ్మిది నెలల చదువున్నవాడు బడి నడుపుతాడా అన్న ఎత్తిపొడుపులు వచ్చాయి. దారులు లేని గూడేల నుంచి పిల్లల్ని తేవడానికి బస్సులు కావాలి, పంతుళ్లకు జీతాలివ్వాలి. మాంద్యం రోజుల్లో డబ్బు చాలకపోతే, ముందొకసారి చేజారబోయిన ఆ పొలాన్నే మళ్లీ తాకట్టు పెట్టాడు. 1937లో రాష్ట్ర ప్రభుత్వం బడిని తన చేతుల్లోకి తీసుకునేదాకా ఆ భారం అతని మీదే నడిచింది. ఆర్గాన్‌లో పని కొన్ని గంటల్లో తేలింది. ఇక్కడ పదేళ్లకు పైగా పట్టింది, పతకాలేమీ రాలేదు.

ఇరవై ఏళ్లు సినిమా వద్దన్నవాడు చివరికి ఒప్పుకున్నది కూడా బడి కోసమే, ఈసారి బైబిలు బడికి. గ్యారీ కూపర్ నటించిన సార్జెంట్ యార్క్ 1941 జులైలో విడుదలైంది. కూపర్‌కు ఆస్కార్ తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా మళ్లీ యుద్ధంలోకి దిగింది. యార్క్ సైన్యంలో చేరతానన్నాడు, 54 ఏళ్ల వయసూ స్థూలకాయమూ అడ్డొచ్చాయి. అప్పట్లో మినహాయింపు కోసం అర్జీలు పెట్టుకున్న మనిషి ఇప్పుడు తన కౌంటీలో కుర్రాళ్లను సైన్యానికి ఎంపిక చేసే బోర్డుకు పెద్దగా కూర్చున్నాడు. ఈ మార్పు అతని జీవితంలో అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న. 1918 మార్చిలో కొండ మీద తాను తేల్చుకున్న జవాబే సరైనదని అతను చివరిదాకా నమ్మాడు. నమ్మనివాళ్ల గోడు తెలిసినవాడు కాబట్టి, ఆ కుర్చీలో మరొకరి కన్నా అతనుండటమే నయమని ఊళ్లోవాళ్లు అనుకుని ఉంటారు.

సినిమా డబ్బు రావడమైతే వచ్చింది, వచ్చినదాన్ని వచ్చినట్టే బడికీ చర్చికీ ఇరుగుపొరుగుకీ పంచేశాడు. పన్ను లెక్క ఎవరు చూసుకున్నారు? 1951లో ఆదాయపు పన్ను శాఖ 85 వేల డాలర్లకు పైగా బాకీ చూపించింది. వడ్డీలు కలిసి అది 1,72,000 డాలర్లు దాటింది. 1954లో పక్షవాతం వచ్చి యార్క్ మంచాన పడ్డాడు. ఒకసారి పొలం అప్పుకు చందాలు, ఇప్పుడు పన్ను బాకీకి చందాలు. ప్రతినిధుల సభ స్పీకర్ శామ్ రేబర్న్ పూనుకుని విరాళాలు సేకరించాడు. అధ్యక్షుడు కెనడీ ప్రభుత్వం 1961లో 25 వేల డాలర్లకు వ్యవహారం సర్దుబాటు చేసింది.

1964 సెప్టెంబరు 2న నాష్‌విల్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో యార్క్ కన్నుమూశాడు. పాల్ మాల్‌లో ఊల్ఫ్ నది శ్మశానంలో ఖననం చేశారు. అధ్యక్షుడు జాన్సన్ తరఫున, రెండో ప్రపంచ యుద్ధంలో 82వ డివిజన్‌ను నడిపిన జనరల్ మాథ్యూ రిడ్జ్‌వే వచ్చాడు. ఊరి మీదుగా పోయే 127వ నంబరు హైవేకు యార్క్ పేరే ఉంది. జేమ్స్‌టౌన్‌లోని ఆల్విన్ సి. యార్క్ అగ్రికల్చరల్ ఇన్‌స్టిట్యూట్ నేరుగా రాష్ట్ర ప్రభుత్వ నిధులతో నేటికీ ఉన్నత పాఠశాలగా నడుస్తోంది. దానికి సొంత పొలం ఉంది. పుస్తకాల చదువుతో పాటు సేద్యమూ నేర్పుతారు.

(వచ్చే భాగం: మెషిన్‌గన్‌కు ఇవతలి పక్క నిలిచినవాడు. 1914 అక్టోబరు 31న బెల్జియంలో హోలెబెక్ దగ్గర గాయపడి కూడా తుపాకి వదలని చక్వాల్ పల్లె సిపాయి ఖుదాదాద్ ఖాన్)